లోధీ గార్డెన్‌లో లోధీలెంతమంది?

వైజాగ్ నుంచి ఢిల్లీకి ఎన్ని రైళ్లున్నా మా ఇంట్లో సమతా ఎక్స్‌ప్రెస్‌కే ఓటు. విజయనగరం, పార్వతీపురం, రాయగడ మీదుగా కొండలూ అడవులూ చూపిస్తూ వెళ్తుంది. ఇంట్లో కట్టిచ్చిన పులిహోర రాయ్‌పూర్ రాకముందే అయిపోతుంది. దిగేది న్యూఢిల్లీలో కాదు, హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్‌లో. ట్రాఫిక్ లేకపోతే అక్కణ్ణుంచి లోధీ గార్డెన్‌కి ఆటోలో పావుగంట. కిందటి శీతాకాలం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. రాజవంశాలూ సంవత్సరాలూ వాడి నోట్లో నానుతూనే ఉంటాయి.

లోధీ రోడ్డు వైపు గేటులోంచి లోపలికి వెళ్లగానే ఎడమ పక్క చిన్న దిబ్బలాంటి ఎత్తు మీద ఒక గుమ్మటం కనబడింది. "ఇదేనా మావయ్యా, లోధీల సమాధి?" అన్నాడు. కాదురా, లోధీలకి ముందు ఢిల్లీ ఏలిన సయ్యదులది అన్నాను. కాస్త ముందుకెళ్తే ఇంకా పెద్ద గుమ్మటం. "మరి ఇదో?" అది అసలు సమాధే కాకపోవచ్చు. దానికి ఎదురుగా ఇంకొకటి. "ఇదేటి మరి?" అందులో సమాధులున్నాయి గానీ ఎవరివో తేలలేదు. వాడు ఆగిపోయాడు. "లోధీల్లేని లోధీ గార్డెనేటి మావయ్యా?"

వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. సుమారు 90 ఎకరాల ఈ పార్కుకి రోజూ వేలమంది వస్తారు. పొద్దున్నే నడిచేవాళ్లు, మధ్యాహ్నం చాప పరుచుకుని కూర్చునేవాళ్లు, పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలు. అందరి ఫొటోల్లోనూ వెనకాల గుమ్మటం ఉంటుంది. అది ఎవరిదంటే చాలామంది మొఘలులదనో, లేదంటే పార్కు పేరు లోధీ కాబట్టి లోధీలదనో అంటారు. రెండూ పూర్తిగా నిజం కాదు.

ముందు లోధీల లెక్క చూద్దాం. ఢిల్లీ గద్దె ఎక్కిన లోధీలు ముగ్గురే. బహలూల్ (1451–1489), అతని కొడుకు సికందర్ (1489–1517), మనవడు ఇబ్రహీం (1517–1526). ఇబ్రహీం పానిపట్టు యుద్ధంలో బాబరు చేతిలో చనిపోయాడు, సమాధి కూడా పానిపట్టులోనే ఉంది. బహలూల్ సమాధిగా చూపించే కట్టడం చిరాగ్ దిల్లీ దగ్గర ఉంది. కాదు, లోధీ గార్డెన్‌లోని శీష్ గుంబద్‌లోనే (ఇందాక ఎవరి సమాధులో తేలలేదన్న గుమ్మటం) అతన్ని పాతిపెట్టారని వాదించిన చరిత్రకారులూ ఉన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు. ఇక మిగిలింది సికందర్. అతను మాత్రం నిస్సందేహంగా ఇక్కడే, పార్కు ఉత్తరపు కొసన, చుట్టూ ప్రహరీ ఉన్న సమాధిలో ఉన్నాడు. అంటే ఖాయంగా చెప్పగలిగిన లోధీ సుల్తాను ఒక్కడే.

ఆ ఒక్కడూ చనిపోయింది కూడా ఢిల్లీలో కాదు. సికందర్ రాజధానిని ఆగ్రాకు మార్చేశాడు, 1517లో అక్కడే కన్నుమూశాడు. సమాధి మాత్రం పాత రాజధానిలో కట్టారు. రాజధాని ఇక్కడా, అక్కడా, ఇంకెక్కడా అన్న టెన్షన్ పడ్డ విశాఖవాళ్లకి ఈ ముక్క కొత్తగా అనిపించదు. మావాడు ఫక్కున నవ్వాడు.

గేటు దగ్గర కనబడిన మొదటి సమాధి మహమ్మద్ షాది. ఇతను సయ్యద్ వంశంలో మూడో సుల్తాను, 1445లో చనిపోయాడు. పార్కులో ఉన్న పెద్ద కట్టడాల్లో ఇదే అన్నిటికంటే పాతది. లోపల ఒకటి కాదు, చాలా సమాధులున్నాయి. నడిమిది సుల్తానుదని చెబుతారు. కట్టించింది అతని కొడుకు ఆలం షా. ఈ ఆలం షా పాలన ఎంత కుంచించుకుపోయిందంటే, "షా ఆలం రాజ్యం, ఢిల్లీ నుంచి పాలం దాకా" అని పారశీకంలో ఒక ఎగతాళి మాట పుట్టింది. తర్వాతి కాలపు మొఘల్ పాదుషా రెండో షా ఆలం మీద కూడా ఇదే మాట చెబుతారు. పేర్లు కలిశాయి, దురదృష్టం కూడా కలిసినట్టుంది. పాలం అంటే ఇప్పటి ఢిల్లీ విమానాశ్రయం ఉన్నచోటు. మన లెక్కలో జగదాంబ నుంచి గాజువాక దాకా ఒక సామ్రాజ్యం అనుకోండి. 1451లో అతను ఆ కాస్తా బహలూల్ లోధీకి వదిలేసి బదాయూఁ వెళ్లిపోయి ప్రశాంతంగా బతికాడు. సుల్తానుల చరిత్రలో ఇలా మంచం మీద ముగిసిన కథలు తక్కువ.

పేర్లు పక్కన పెట్టి ఆకారాలు చూడమన్నాను మావాణ్ణి. ఈ పార్కులో అసలు కిటుకు అక్కడే ఉంది. మహమ్మద్ షా సమాధికీ సికందర్ సమాధికీ ఎనిమిది పలకలు. వాటికి మధ్యలో ఉన్న బడా గుంబద్ (అసలు సమాధే కాకపోవచ్చన్నది), శీష్ గుంబద్ నలుచదరం. ఇది కట్టినవాళ్ల సరదా కాదు. ఆ కాలపు ఢిల్లీలో సుల్తానులకు ఎనిమిది పలకల సమాధి, అమీర్లకు, అంటే ఆస్థానంలో పెద్దలకు, నలుచదరపు సమాధి అన్నది మామూలుగా కనబడే పద్ధతి. శాసనం లేని చోట కూడా ఆకారాన్ని బట్టి లోపలున్నవాడి హోదాను అంచనా కట్టొచ్చు. శీష్ గుంబద్ బహలూల్‌ది కాదనేవాళ్లు ముందుగా చూపించేది కూడా ఇదే. సుల్తాను సమాధి నలుచదరంగా ఎందుకుంటుందని అడుగుతారు.

ఎనిమిది పలకలే ఎందుకు? కొంత లెక్కల వ్యవహారం. చదరపు పెట్టె మీద గుండ్రటి గిన్నె బోర్లించి చూడండి, నాలుగు మూలలూ తెరుచుకునే ఉంటాయి. గుమ్మటం కట్టేవాళ్లకి మొదటి నుంచీ ఉన్న తలనొప్పి ఇదే. మూలల్లో అడ్డంగా చిన్న కమానులు వేసి నాలుగు మూలల్ని ఎనిమిది చేస్తారు, ఎనిమిదిని పదహారు చేస్తారు, అప్పటికి గుండ్రానికి దగ్గరవుతుంది. గదినే ఎనిమిది పలకలతో మొదలుపెడితే సగం పని ముందే అయిపోయినట్టు. దాని చుట్టూ ఒక వసారా, ప్రతి పలకకీ మూడేసి కమానులు, పైన వెడల్పాటి రాతి చూరు, ఆ పైన పలకకొకటి చొప్పున గొడుగుల్లాంటి చిన్న మంటపాలు. మహమ్మద్ షా సమాధి చుట్టూ తిరిగి లెక్కపెడితే కమానులు ఇరవైనాలుగు, మంటపాలు ఎనిమిది. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది, వీపు అనేది లేని కట్టడం.

ఈ పద్ధతిని ఢిల్లీలో మొదలుపెట్టిన సమాధి ఎవరిదో మావాడికి తెలియదు. వాడి గైడ్లలో ఆ పేరు ఒక్క లైనులో వచ్చి పోతుందట. అది ఒక తెలుగువాడి సమాధి.

1323లో ఓరుగల్లు కోట పడిపోయింది. ముట్టడించినవాడు ఉలూగ్ ఖాన్. తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో గద్దెనెక్కి రాజధానిని దౌలతాబాదుకు తరలించింది ఇతనే. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున ప్రాణాలు విడిచాడు. ఆయన దగ్గర పెద్ద పదవిలో ఉన్న ఒకతను మాత్రం ఢిల్లీ చేరాడు. మతం మారాడు, మక్బూల్ అయ్యాడు. అంటే అంగీకారం పొందినవాడు. కొన్నాళ్లు తిరిగి ఓరుగల్లుకే సుల్తాను తరఫున అధికారిగా వచ్చాడు, 1330లలో కాపయ నాయకుడి తిరుగుబాటుతో ఆ కోట వదిలి ఢిల్లీ పోయాడు. ఆ తర్వాత ఫిరోజ్ షా తుగ్లక్ హయాంలో ఏకంగా వజీరు, మన మాటల్లో ప్రధానమంత్రి. బిరుదు ఖాన్-ఎ-జహాన్. పేరు చివర మాత్రం ఊరు వదల్లేదు, తిలంగానీ అనే రాశారు. చదువు రాదుగానీ మహా తెలివైనవాడని ఆ కాలపు చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. ఢిల్లీకి అసలు రాజు ఖాన్-ఎ-జహానేనని సుల్తాను స్వయంగా అనేవాడట. మారన కవి మార్కండేయ పురాణాన్ని అంకితం ఇచ్చిన గన్నయ సేనాని ఇతనేనని మన చరిత్రకారుల్లో చాలామంది అంటారు. తెలుగు పురాణానికి కృతిభర్త, ఢిల్లీ సుల్తానుకి వజీరు, ఇద్దరూ ఒకరే అయితే ఆ ఒక్క జీవితం ఎంత మెలిక తిరిగిందో ఆలోచించండి.

1368–69 ప్రాంతంలో అతను చనిపోతే కొడుకు జూనాన్ షా నిజాముద్దీన్ దర్గా పక్కన సమాధి కట్టించాడు. అప్పటిదాకా ఢిల్లీలో పెద్దవాళ్ల సమాధులు ఎక్కువగా నలుచదరమే, ఇల్తుత్‌మిష్‌ది అంతే, గియాసుద్దీన్ తుగ్లక్‌ది అంతే. ఇది మాత్రం ఎనిమిది పలకలు, చుట్టూ వసారా, పలకకి మూడు కమానులు. ముల్తాన్‌లో రుక్నే ఆలం సమాధి అప్పటికే ఎనిమిది పలకలదే కాబట్టి ఆలోచన గాల్లోంచి ఊడిపడలేదు. కానీ చుట్టూ వసారా తిప్పిన ఈ నమూనా ఢిల్లీలో ఇక్కడే మొదలైంది. తర్వాత సయ్యద్ ముబారక్ షా, మహమ్మద్ షా, సికందర్ లోధీ, సూరీల కాలంలో ఈసా ఖాన్, ససారాంలో షేర్ షా, అందరూ ఇదే బాట పట్టారు. ఇక్కడ హోదా లెక్క తిరగబడిన సంగతి గమనించండి. ఒక వజీరు సమాధి కోసం పుట్టిన ఆకారాన్ని తర్వాత సుల్తానులు తమదిగా చేసుకున్నారు. సుల్తానులకే ఎనిమిది పలకలన్న పద్ధతి ఎవరి సమాధితో మొదలైందో అతనే సుల్తాను కాదు.

ఇది చెప్తే మావాడు ఫోను తీసి రాసుకున్నాడు. పరీక్షలో వస్తుందన్న ఆశ కాబోలు.

నలుచదరపు కట్టడాల గురించి ఎక్కువ చెప్పను. బడా గుంబద్ బయటి నుంచి రెండంతస్తుల్లా కనబడుతుంది, లోపలికి వెళ్తే ఒకటే గది. లోపల సమాధి లేదు కాబట్టి పక్కనున్న మసీదుకు సింహద్వారంగా కట్టి ఉంటారని ఎక్కువమంది అభిప్రాయం. మసీదు మీద 1494 నాటి శాసనం ఉంది. అంటే సికందర్ కాలం. ఆ మసీదు గోడల మీద సున్నపు గచ్చులో చెక్కిన అక్షరాలూ లతలూ చూడటానికే అరగంట కావాలి. చాలామంది మెట్ల మీద ఫొటో దిగి వెళ్లిపోతారు, లోపలికి తొంగి కూడా చూడరు. ఎదురుగా ఉన్న శీష్ గుంబద్‌కి ఆ పేరు నీలం రంగు మెరుపు పలకల వల్ల వచ్చింది. ఇప్పుడు అక్కడక్కడా కొన్నే మిగిలాయి. ఎండ పడినప్పుడు చూడాలి.

సికందర్ సమాధి దగ్గర ఇంకో మార్పు కనబడుతుంది. పైకప్పు మీది చిన్న మంటపాలు పోయాయి. చుట్టూ ఎత్తైన ప్రహరీ వచ్చింది. గుమ్మటం ఒకటి కాదు, లోపలొకటి, పైనొకటి, మధ్యలో ఖాళీ. బయట నుంచి చూసేవాడికి ఎత్తుగా కనబడాలి, లోపల నిలబడ్డవాడికి కప్పు అందనంత దూరంలో ఉండకూడదు. ఆ రెండు కోరికలకీ కుదిరిన రాజీ ఇది. ఢిల్లీలో ఇలాంటి జంట గుమ్మటాల తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ప్రహరీ, లోపల ఖాళీ జాగా, నడుమ సమాధి, జంట గుమ్మటం అన్న ఈ వరసే తర్వాత హుమాయూన్ సమాధిలోనూ తాజ్‌మహల్‌లోనూ భారీగా పెరిగింది. మొఘలులు దీన్ని కట్టలేదు, దీన్నుంచి నేర్చుకున్నారు. సికందర్ పోయిన తొమ్మిదేళ్లకి గానీ బాబరు పానిపట్టుకి రాలేదు.

రాళ్ల సంగతి ఇంతవరకు. ఇక పచ్చిక సంగతి. లోధీ గార్డెన్ అనగానే అయిదొందల ఏళ్ల నాటి తోట అనుకుంటాం. తోటకి వందేళ్లు కూడా నిండలేదు. 1930ల దాకా ఈ గుమ్మటాల మధ్య ఖైర్‌పూర్ అనే ఊరుండేది. ఇళ్లు, పశువులు, పొలాలు. 1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాక (మళ్లీ రాజధాని మార్పే, ఈ వ్యాసం దాన్ని వదిలేలా లేదు) కొత్త నగరం కోసం చుట్టుపక్కల ఊళ్ల భూములు తీసుకున్నారు. ఖైర్‌పూర్ కూడా ఖాళీ అయ్యింది. ఆ స్థలంలో పచ్చిక పరిచి, దారులు వేసి, 1936 ఏప్రిల్ 9న పార్కుగా తెరిచారు. పేరు లేడీ విల్లింగ్డన్ పార్క్, అప్పటి వైస్రాయి భార్య పేరు. ఆ పేరూ ఆ తేదీ చెక్కిన రాతి ద్వారం ఇప్పటికీ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక లోధీ గార్డెన్ అన్నారు. 1968లో జోసెఫ్ అలెన్ స్టైన్, గారెట్ ఎక్బో అనే ఇద్దరు అమెరికన్ నిపుణులు దీన్ని మళ్లీ తీర్చిదిద్దారు. పక్కనే ఉన్న ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ భవనం కూడా స్టైన్ గీసిందే. ఇప్పుడు మనం నడిచే వంకర దారులూ, మొక్కలుంచే గాజు ఇల్లూ ఎక్కువగా ఆ మార్పుల ఫలితమే.

అంటే మనం ఒకే చూపులో చూసేది పదిహేనో శతాబ్దపు రాయిని, 1936 నాటి పచ్చికని, 1968 నాటి దారిని. పాత కట్టడం చుట్టూ పచ్చిక ఉంటే రెండూ కలిసే పుట్టాయనిపిస్తుంది. అలా అనిపించేలా చేయడమే తోటమాలుల నేర్పు. ఈ పచ్చిక లేకపోతే ఎలా ఉండేదో చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. మహమ్మద్ షాకి ముందటి సుల్తాను ముబారక్ షా సమాధి కోట్లా ముబారక్‌పూర్‌లో ఉంది. అక్కడ ఊరిని ఖాళీ చేయించలేదు, కాబట్టి గుమ్మటం ఇళ్ల మధ్యే ఉండిపోయింది. తిలంగానీ సమాధి కూడా నిజాముద్దీన్ బస్తీ ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఒకే తరహా కట్టడాలు. ఒకచోట ఊరు పోయి సమాధి విశాలంగా మిగిలింది, ఇంకోచోట ఊరు మిగిలి సమాధి ఇరుకైంది. ఎవరికి మేలు జరిగిందంటే నాకు జవాబు తేలిగ్గా తోచదు. బస్తీలో పిల్లలకి ఆ గోడ రోజూ కనబడుతుంది, వాళ్లకది చరిత్ర కాదు, పక్కింటి గోడ.

మన ఊళ్లో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సెంట్రల్ పార్కు పాత సెంట్రల్ జైలు స్థలమని ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. జైలు అడవివరం వెళ్లింది, ఇక్కడ వాకింగ్ ట్రాకులు వచ్చాయి. మన కళ్ల ముందే జరిగినదాన్ని ఇంత తొందరగా మరిచిపోతే, ఖైర్‌పూర్‌ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఇంకొక చిక్కుముడి, ఈ పార్కు ఎవరి చేతిలో ఉంది? పచ్చిక, చెట్లు, దారులు, దీపాలు న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్‌వి. సమాధులూ మసీదూ కేంద్ర పురావస్తు శాఖవి. ఒకే గేటు, రెండు శాఖలు. పురాతన కట్టడాల రక్షణకి 1958లో ఒక చట్టం వచ్చింది. 2010లో దాన్ని సవరించి, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషేధించారు, ఆ పైన 200 మీటర్లలో అనుమతి ఉంటేనే కట్టాలన్నారు. 90 ఎకరాల్లో ఇన్ని కట్టడాలుంటే ఆ వలయాలు ఒకదాని మీదొకటి పడి పార్కులో ఎక్కువ భాగాన్ని కప్పేస్తాయి. కాబట్టి ఇక్కడ ఒక క్యాంటీనో మరుగుదొడ్డో కొత్తగా కట్టాలన్నా మున్సిపాలిటీ ఒక్కటే నిర్ణయించలేదు. సౌకర్యాలు తక్కువని విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోవాలి. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ కూడా కేంద్ర పురావస్తు శాఖదే, అక్కడా ఇదే చట్టం.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. టికెట్ లేదు. మెట్రోలో అయితే యెల్లో లైన్ మీద జోర్ బాగ్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. నవంబరులో ఢిల్లీ గాలి మన పారిశ్రామిక ప్రాంతాన్ని మరిపిస్తుంది, ఫిబ్రవరి, మార్చి మొదట్లో హాయి. డిసెంబరు, జనవరిలో వెళ్తే పొగమంచులో గుమ్మటాలు బాగుంటాయి గానీ, సముద్రం గాలికి అలవాటైన ఒంటికి మన దగ్గర కొన్న స్వెట్టర్ ఒక్కటీ చాలదు, నేను చలికి వణికి ఒక శాలువా కొనుక్కున్నాను. లోధీ రోడ్డు వైపు నుంచే లోపలికి వెళ్లండి. అప్పుడు 1445, 1494, 1517 అన్న వరసలో కాలం ముందుకు నడుస్తుంది. అవతలి గేటు నుంచి వస్తే వెనక్కి నడుస్తుంది, అర్థం కావడం కష్టం. పడమటి కొసన రోడ్డు చివర కనబడే పెద్ద సమాధి సఫ్దర్‌జంగ్‌ది, 1754 నాటిది, అది ఈ పార్కులో భాగం కాదు.

సికందర్ ప్రహరీ దాటి తూర్పు వైపు వెళ్తే ఒకప్పుడు యమునలో కలిసిన వాగు ఆనవాలు ఉంది. ఇప్పుడది బాతులు తిరిగే చెరువు. దాని మీద అక్బరు కాలపు రాతి వంతెన, పేరు ఆఠ్‌పులా. ఆఠ్ అంటే హిందీలో ఎనిమిది. అప్పటికి పొద్దుటి నుంచీ ఎనిమిది ఎనిమిది అని వాడి చెవిలో జోరీగలా పోరుతూనే ఉన్నాను. మావాడు గట్టు మీద నిలబడి కమానులు లెక్కపెట్టి, గెలిచినట్టు నా వైపు తిరిగాడు. "ఏడే ఉన్నాయి మావయ్యా."

"ఒరే, కమానులు కాదు, స్తంభాలు లెక్కపెట్టు" అన్నాను. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.